కత్తికి లొంగని హెలెన్‌కు కాలమే ప్రత్యర్థి

కత్తియుద్ధం అనగానే మనకు కాంతారావు నటించిన జానపద చిత్రాలు జ్ఞాపకం వస్తాయి. ఐరోపాలో మాత్రం అది ఫెన్సింగ్ పేరిట కట్టుదిట్టమైన నియమాలతో సాగే క్రీడ. ఆ క్రీడలో తొలితరం మహిళా విజేత హెలెన్ మేయర్ జీవితం ఏ సినిమా కథకూ తీసిపోదు.

1910 డిసెంబరు 20న జర్మనీలోని ఓఫెన్‌బాఖ్ పట్టణంలో హెలెన్ జన్మించారు. తండ్రి యూదు వైద్యుడు. తల్లి క్రైస్తవురాలు. మహిళల ఫెన్సింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 1924లోనే. ఆ తరువాతి ఒలింపిక్స్‌లో, 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, హెలెన్ 20 పోటీలలో 18 గెలిచి స్వర్ణపతకం సాధించారు. అప్పటికి ఆమె వయస్సు 17 ఏళ్లే. జర్మనీ అంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది.

1932లో లాస్ ఏంజెలెస్‌లో ఆమెకు ఐదో స్థానమే దక్కింది. చదువు కోసం కాలిఫోర్నియాలోనే ఉండిపోయారు. మరుసటి ఏడు హిట్లర్ గద్దె నెక్కాడు. తండ్రి యూదుడన్న కారణంతో ఓఫెన్‌బాఖ్ క్లబ్ ఆమె పేరును జాబితా నుంచి కొట్టివేసింది. ఆ క్లబ్‌కు పేరు తెచ్చిందే ఆమె!

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌ను బహిష్కరించాలని అమెరికాలో ఆందోళన లేచింది. యూదులపై వివక్ష లేదని లోకాన్ని నమ్మించడానికి నాజీ ప్రభుత్వం హెలెన్‌ను పిలిపించింది. హైజంప్‌లో జాతీయ రికార్డును సమం చేసిన యూదు యువతి గ్రెటెల్ బెర్గ్‌మన్‌ను మాత్రం పోటీలకు కొద్ది రోజుల ముందు తప్పించింది.

బెర్లిన్‌లో హంగేరీకి చెందిన ఇలోనా ఎలెక్‌కు స్వర్ణం, హెలెన్‌కు రజతం లభించాయి. పతక వేదికపై హెలెన్ చేయి చాచి నాజీ వందనం చేశారు. తనను వెలివేసిన వారికే వందనమా అని కొందరు నేటికీ తప్పుపడతారు. తల్లి, సోదరులు జర్మనీలోనే ఉన్నారు కదా, ఆమె మరేం చేయగలరని మరికొందరు అంటారు.

1937లో పారిస్‌లో ప్రపంచ టైటిల్ గెలిచి ఆమె అమెరికా తిరిగి వెళ్లారు. అక్కడ మిల్స్ కళాశాలలో బోధిస్తూ ఎనిమిదిసార్లు జాతీయ చాంపియన్ అయ్యారు. 1952లో స్వదేశం చేరి వివాహం చేసుకున్నారు. మరుసటి ఏడాది అక్టోబరులో క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 42 ఏళ్లు.

1968లో పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది. ఒకనాడు జాబితా నుంచి కొట్టివేసిన పేరు ఆ విధంగా దేశంలో ఇంటింటికీ చేరింది.