పిన్నీసు బాగుచేసిన బండి



మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు పాత మోటారు సైకిలే అంబులెన్సు. అది దారిలో ఆగిపోతే ముందు ఏం చూడాలో మనలో చాలామందికి తెలీదు. నాకూ తెలీదు. పోయిన వేసవి సెలవుల్లో తెలిసింది. అందుకే రాస్తున్నాను.

మా చెల్లికి చలిజ్వరం వచ్చింది. నాన్నా నేనూ దాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని హుకుంపేట మీదుగా పాడేరు ఆసుపత్రికి బయలుదేరాం. కొంత దూరం పోయేసరికి బండి ఆగిపోయింది. ట్యాంకులో పెట్రోలు ఉంది. పది నిమిషాలు ఆగి కిక్కు కొడితే స్టార్టయింది. మళ్ళీ కొంచెం దూరం పోయి ఆగింది. చెల్లి ఒళ్ళు కాలిపోతోంది. చివరికి ఒక జీపు వస్తే ఎక్కించాం. పరీక్ష చేసి మలేరియా అన్నారు. మందులు వాడాక తగ్గింది. కానీ గంటన్నర సేపు రోడ్డు మీదే పోయింది.

తర్వాత ఒక మెకానిక్కు చూసి, కార్బురేటరు మార్చాలి, రెండు వేలవుతుంది అన్నాడు. అంత డబ్బు లేదు. మా మావయ్య వచ్చి, "ఆగు బావా, ముందు ఏటైందో చూద్దాం" అన్నాడు. బండి నడిపి, ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత తీశాడు. స్‌స్‌మని గాలి లోపలికి పోయింది. కిక్కు కొడితే స్టార్టు! మూతకుండే సన్నని రంధ్రంలో మట్టి పట్టేసింది. పిన్నీసుతో పొడిచి ఊదాడు. అంతే!

కారణం ఏమిటి? పాత కార్బురేటరు బళ్ళలో చాలావాటికి పెట్రోలు పంపు ఉండదు. ట్యాంకు పైన ఉంటుంది కాబట్టి పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగుతుంది. దిగినంత మేర లోపలికి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో పీడనం తగ్గి పెట్రోలు ఆగిపోతుంది. కాసేపు ఉంచితే గాలి మెల్లగా చేరుతుంది. అందుకే మా బండి ఆగి ఆగి నడిచింది. గట్టి సీసా అడుగున సన్నని చిల్లు పెట్టి, నిండా నీళ్ళు పోసి మూత బిగించండి. ధార ఆగిపోతుంది. మూత వదులు చేస్తే మళ్ళీ కారుతుంది.

మావయ్య నేర్పిన వరస ఇది:

1. తాళం, ఇంజను ఆపే స్విచ్చు, పెట్రోలు ట్యాపు సరిగా ఉన్నాయా చూడాలి. పెట్రోలు తక్కువైతే ట్యాపు రిజర్వుకి తిప్పాలి.

2. ఇంజను చల్లారాక కార్బురేటరు అడుగు స్క్రూ వదులు చేసి చూడాలి. పెట్రోలు ఆగకుండా కారితే దారి బాగున్నట్టే. కొంచెం కారి ఆగితే మూత రంధ్రం, ట్యాపు, పైపు, ఫిల్టరు చూడాలి.

3. పెట్రోలు వస్తున్నా స్టార్టు కాకపోతే ట్యాపు కట్టేసి, కారిన పెట్రోలు తుడిచి, ఆరిన తర్వాత ప్లగ్గు విప్పాలి. ప్లగ్గుని దాని క్యాపులో పెట్టి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజను ఇనుముకి ఆనించి కిక్కు కొట్టాలి. రబ్బరు క్యాపుని మాత్రమే పట్టుకోవాలి. నీలం రవ్వ గట్టిగా వస్తే మంచిదే. రాకపోతే ప్లగ్గు మసి, క్యాపు, వైరు చూడాలి. వానలో తడిస్తే తుడిచి ఆరబెట్టాలి.

4. హారను, ఇండికేటర్లు పనిచేయకపోతే ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్ళు చూడాలి. తెల్లగా పొడి పట్టి ఉంటే శుభ్రం చేసి బిగించాలి. చాలా పాత కిక్కు బళ్ళలో రవ్వ మాగ్నెటో నుంచి వస్తుంది. బ్యాటరీ పోయినా బండి నడుస్తుంది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళలో చాలావాటికి ట్యాంకులోనే కరెంటు పంపు ఉంటుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు జుయ్‌మని చప్పుడు వస్తుంది. రాకపోతే ముందు ఇంజను ఆపే స్విచ్చు, ఫ్యూజు, బ్యాటరీ చూడండి. పంపు పోయిందని అప్పుడే అనుకోకండి.

జాగ్రత్త! చీకట్లో అగ్గిపుల్ల వెలిగించి పెట్రోలు చూడకూడదు. టార్చి లైటు వాడాలి. దగ్గర ఎవరూ చుట్ట, బీడీ కాల్చకూడదు. పెద్దవాళ్ళు లేకుండా మనం చేయకూడదు.

ఇప్పుడు మా నాన్న తాళం గుత్తికి ఒక పిన్నీసు ఉంటుంది. సెలవులకి వెళ్ళినప్పుడు మీ ఇంటి బండి మూత కూడా ఒకసారి చూడండి.

– 9వ తరగతి విద్యార్థి