జల్లికట్టు తగవులో వాదమెంత, వితండమెంత?

సంక్రాంతి దగ్గరపడిందంటే మధురై చుట్టుపక్కల టీ కొట్లలోను, కళాశాల హాస్టళ్లలోను ఒకటే చర్చ. ఏ ఊరి ఎద్దు ఎవరి చేతికీ చిక్కలేదు, బహుమతి కారు ఎవరికి దక్కింది, లెక్క సరిగా వేశారా, కమిటీలో ఎవరున్నారు, కోర్టు ఏమన్నది? కోయంబత్తూరు, పొల్లాచ్చి, ఉడుమలైపేట వైపు ఇదే వేడి రేక్లా పందేల చుట్టూ తిరుగుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన విద్యార్థులు కూడా ఈ చర్చల్లో గట్టిగానే పాల్గొంటారు. కాని మాట ముదిరినప్పుడు వారికి ఒక ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది: "ఇది తమిళుల ఆట, మధ్యలో నీకేం పని?" ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పాలంటే, ఈ తగవులో ఎన్ని వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమై ఉన్నాయో ముందు తెలియాలి. వాటిని విడదీసి చూపడమే ఈ వ్యాసంలో మేము చేయదలచిన పని.

ఆట, దాని మాటలు

'సల్లి' అంటే నాణెం. కొమ్ములకు నాణేల మూట కట్టి ఎద్దును వదిలేవారు కనుక 'సల్లికట్టు', అదే జల్లికట్టు అయిందని సాధారణంగా చెప్పే వ్యుత్పత్తి. 'కట్టు' అన్న మాటకు మన భాషలోనూ అదే అర్థం. ఎద్దులను తరిమే ఆటకు 'మంజువిరట్టు' అని మరొక పేరు. ప్రాచీన తమిళ గ్రంథమైన కలిత్తొగైలోని ముల్లై భాగం 'ఏఱు తళువుదల్'ను, అనగా ఎద్దును కౌగిలించుకొనే క్రీడను వర్ణిస్తుంది. తమిళులు 'తిమిల్' అనేది మన 'మూపురం'. ఎద్దును బయటికి వదిలే ఇరుకు ద్వారం 'వాడివాసల్'.

పొంగలి నాడు అవనియాపురంలో, మర్నాడు పాలమేడులో, ఆ మర్నాడు అలంగానల్లూరులో ఆట జరగడం ఆనవాయితీ. మొదట గుడి ఎద్దును వదులుతారు. దానిని ఎవరూ పట్టరు. ఆ తరువాత వచ్చే ఒక్కొక్క ఎద్దు మూపురాన్ని ఒక్కడే పట్టుకొని నిర్ణీత దూరం వరకో, మూడు గంతుల వరకో వదలకుండా ఉండాలి. తోక పట్టినా, కొమ్ములు పట్టినా లెక్కలోకి రాదు. ఎవరికీ చిక్కకపోతే ఎద్దు గెలిచినట్లు. కొంగునాడు వైపు రేక్లా పందెంలో మనిషికి, ఎద్దుకు పోటీ లేదు. తేలికైన బండికి కట్టిన ఎడ్ల జత 200 లేదా 300 మీటర్ల దూరాన్ని ఎంత తక్కువ కాలంలో దాటిందన్నదే లెక్క. జల్లికట్టుకు పులికుళం జాతి, రేక్లాకు కాంగేయం జాతి పేరుపొందినవి.

వాదం, జల్పం, వితండం

మనవాళ్లు చిన్న పిల్లవాణ్ణి సైతం "వితండవాదం చేయకు" అని మందలిస్తారు. ఈ మాట న్యాయశాస్త్రం నుంచి వచ్చింది. గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజించాయి. నిజం తేల్చుకోవడానికి ప్రమాణాలతో చేసేది వాదం. గెలుపు కోసమే చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాని మాటను కొట్టివేయడమే పనిగా పెట్టుకొన్నది వితండం.

ఈ మూడింటినీ మన చర్చకు అన్వయించి చూద్దాం. "ఎద్దు తోక మెలిపెట్టారు, ఇది హింస కాదా?" అని ఒకరు అడుగుతారు. "ఇది రెండు వేల ఏళ్ల ఆట" అని మరొకరు బదులిస్తారు. అడిగింది హింస గురించి, చెప్పింది ప్రాచీనత గురించి. ప్రశ్న అలాగే ఉండిపోయింది, మాట మాత్రం నెగ్గింది. ఇది జల్పం. "మాంసం తినే నీకు ఎద్దు గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?" అంటే అది వితండం, ఎందుకంటే ఆ మాట అన్నవారు ఆట మంచిదనీ చెప్పలేదు, చెడ్డదనీ చెప్పలేదు.

నిజానికి ఇక్కడ నాలుగు ప్రశ్నలున్నాయి. ఎద్దుకు, మనిషికి జరిగే హాని ఎంత? ఆపడానికి గాని అనుమతించడానికి గాని అధికారం ఎవరిది? పందెం న్యాయంగా సాగిందా? ఈ ఆట ఎవరిది? ఒక్కొక్క ప్రశ్నకు ప్రమాణం వేరు. మొదటిదానికి కంటితో చూసిన సాక్ష్యం, పశువైద్యుల నివేదిక కావాలి. రెండవదానికి చట్టం, మూడవదానికి ఆట నియమాలు, నాలుగవదానికి చరిత్ర కావాలి.

కోర్టులలో ఏం జరిగింది?

అభిమానులు తరచు తప్పుగా చెప్పుకొనేది ఈ భాగాన్నే. 2006లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం ముందుకు వచ్చిన పిటిషను జల్లికట్టుది కాదు, ఒక గ్రామంలో రేక్లా పందేనికి అనుమతి కోరుతూ వేసినది. న్యాయమూర్తి ఆర్. భానుమతి రేక్లాతో పాటు జల్లికట్టును కూడా నిషేధించారు. 2007లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసివేసింది. 2009లో తమిళనాడు శాసనసభ జల్లికట్టు క్రమబద్ధీకరణ చట్టం చేసింది. 2011 జూలైలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ, ప్రదర్శనలకు వాడరాని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది.

2014 మే 7న సుప్రీంకోర్టు, జంతు సంక్షేమ మండలి ఇచ్చిన నివేదికలను ఆధారం చేసుకొని, జల్లికట్టును, ఎడ్లబండి పందేలను ఆపివేసింది. తోక మెలిపెట్టడం, కళ్లలో కారం చల్లడం వంటివి ఆ నివేదికలలో ఉన్నాయి. 1960 నాటి కేంద్ర జంతుహింస నివారణ చట్టానికి విరుద్ధంగా ఉన్నందున రాష్ట్రపు 2009 చట్టం చెల్లదని కూడా చెప్పింది. 2016 జనవరిలో కేంద్రం ఆటను అనుమతిస్తూ ఇచ్చిన ప్రకటనపై కొద్దిరోజుల్లోనే స్టే వచ్చింది.

2017 జనవరిలో అలంగానల్లూరులో, చెన్నై మెరీనా తీరంలో, మధురై తముక్కం మైదానంలో, కోయంబత్తూరు వ.ఉ.సి. మైదానంలో విద్యార్థులు రోజుల తరబడి కూర్చున్నారు. 21న ఆర్డినెన్సు వచ్చింది. 22న ఆట ప్రారంభించడానికి మధురై వచ్చిన ముఖ్యమంత్రి ఓ. పన్నీర్‌సెల్వంను అలంగానల్లూరు వాసులు ఊరిలోకి రానీయలేదు. తాత్కాలిక ఆర్డినెన్సు చాలదు, శాశ్వత చట్టం కావాలన్నారు. 23న శాసనసభ చట్టసవరణను ఆమోదించింది. తరువాత రాష్ట్రపతి సమ్మతి లభించింది.

ఈ సమ్మతిలోనే కీలకమంతా ఉంది. జంతుహింస నివారణ ఉమ్మడి జాబితాలోని అంశం. కేంద్ర చట్టంతో రాష్ట్ర చట్టం విభేదించినప్పుడు, రాష్ట్రపతి సమ్మతి ఉంటే ఆ రాష్ట్రంలో రాష్ట్ర చట్టమే నిలుస్తుంది. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణలను సమర్థించింది. ఇది సంస్కృతిలో భాగమా కాదా అన్నది కోర్టు తేల్చదగిన విషయం కాదనీ, శాసనసభ అభిప్రాయాన్ని అంగీకరిస్తున్నామనీ చెప్పింది. "సుప్రీంకోర్టు జల్లికట్టు ప్రాచీనతను నిరూపించింది" అనేవారు ఈ వాక్యాన్ని చదవాలి. "ఇక హింస ప్రశ్న ముగిసింది" అనేవారు కూడా చదవాలి. కొత్త నియమాలు ఆట తీరును మార్చాయన్నది ఆ తీర్పుకు ఒక ఆధారం. కనుక నియమాలు పాటించకపోతే ఆ ఆధారమే సడలుతుంది.

మనిషి ప్రాణం సంగతీ అంతే. 2023 సంక్రాంతికి పాలమేడులో తొమ్మిది ఎద్దులను పట్టిన యువకుడు ఆ బరిలోనే ఎద్దు పొడిచి మరణించాడు. ఏ పక్షాన మాట్లాడేవారైనా ఈ వార్తను పక్కకు నెట్టి వాదం సాగించలేరు.

పందెం న్యాయంగా సాగిందా?

చట్టం తగవు సద్దుమణిగాక ఆట లోపలి తగవులు పెరిగాయి. 2024లో అలంగానల్లూరులో 18 ఎద్దులు పట్టినట్లు ప్రకటించిన వ్యక్తికి మొదటి బహుమతి ఇవ్వగా, 17 పట్టినట్లు ప్రకటించిన వ్యక్తి లెక్కను ప్రశ్నించాడు. అవనియాపురంలో నిర్వహణ ఎవరిదన్న తగవు హైకోర్టు దాకా వెళ్లింది. 2020లో విశ్రాంత న్యాయమూర్తి ఆధ్వర్యంలో కమిటీ వేయవలసి వచ్చింది. దేశవాళీ ఎద్దులనే అనుమతించాలని మద్రాసు హైకోర్టు 2021లో ఆదేశించింది. దేశవాళీ జాతులను కాపాడటానికే ఈ ఆట అని చెప్పేవారికి ఇది సహజంగా వర్తించే షరతు. 2024 జనవరిలో అలంగానల్లూరు సమీపాన కీళక్కరైలో ప్రభుత్వం కట్టించిన పెద్ద క్రీడాప్రాంగణం తెరిచారు. ఆట ఊరి వాడివాసల్ దగ్గరే ఉండాలా, గ్యాలరీల నడుమకు పోవాలా అన్నది కొత్త చర్చ.

ఇవి చిన్న విషయాలు కావు. నిర్వహణ ఎవరి చేతిలో ఉంటే, ఎవరి ఎద్దుకు అవకాశం, ఎవరికి మర్యాద అన్నవీ వారి చేతిలోనే ఉంటాయి. ఊరందరిదీ అని చెప్పే ఆటలో ఊరిలోని అన్ని కులాలకూ చోటుందా అని అడగడం ఆటకు వ్యతిరేకంగా మాట్లాడటం కాదు.

ఇది ఎవరి ఆట?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ ప్రాంతపు తెలుగువారిలో కమ్మ నాయుళ్లు, రాజకంబళ నాయకర్లు, రెడ్డియార్లు, దేవాంగులు, ఇంట తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఉన్నారు. వీరిలో పలువురి పూర్వులు విజయనగర, నాయకరాజుల కాలాలలో వచ్చి స్థిరపడ్డారు. పొలం దున్నినవారికి, మందలు మేపినవారికి, మోట బావులకు తోలు తిత్తులు కుట్టినవారికి ఎద్దు పరాయిది కాదు.

అంతమాత్రాన "ఈ ఆటను మన నాయకరాజులే తెచ్చారు" అని ఎదురు గొప్పలు చెప్పుకోవడం సరికాదు. కలిత్తొగై మధురై నాయక రాజ్యం కంటే ఎన్నో శతాబ్దాల ముందుది. ఆట పేరూ తమిళమే. అయితే ఎద్దును లొంగదీసే ఊహ ఒక్క భాషకే పరిమితం కాదు. శ్రీకృష్ణుడు ఏడు వృషభాలను బంధించి నాగ్నజితిని పెండ్లాడిన కథ భాగవత దశమస్కంధంలో ఉంది, పోతన తెలుగులోనూ ఉంది. తిరుపతి దగ్గర చంద్రగిరి మండలం రంగంపేటలో సంక్రాంతి వేళ 'పశువుల పండగ' జరుగుతుంది. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదిలితే యువకులు వాటిని ఊడబెరుక్కుంటారు. నాణేల మూట స్థానంలో పలక వచ్చిందంతే. అయితే ఆంధ్రప్రదేశ్ తమిళనాడు వంటి సవరణ చేయలేదు. 2023 తీర్పులోని రక్షణ రంగంపేటకు వర్తించదు. ఎద్దుకు సరిహద్దు తెలియకపోయినా చట్టానికి తెలుసు.

కాబట్టి "నీకేం పని?" అన్నవారికి "మాదీ ఈ ఆటే" అని వంశవృక్షం చూపవలసిన అవసరం లేదు. ఆ ఊరిలో ఉంటున్నవానికి ఆ ఊరి ఆట గురించి అడిగే హక్కు ఉంది. ఆ హక్కు భాషను బట్టి రాదు, కులాన్ని బట్టీ రాదు.

విద్యార్థులకు మేము సూచించేది ఒక్కటే. ఈసారి చర్చ మొదలైనప్పుడు "అన్నా, మనం ఇప్పుడు మాట్లాడుతున్నది హింస గురించా, చట్టం గురించా, లెక్క గురించా, చరిత్ర గురించా?" అని ముందే అడగండి. ఏ భాషలో అడిగినా ఫరవాలేదు. ఎదుటివారు ఆ నాలుగింటిలో ఒకదానిని ఎంచుకొన్నారంటే వాదం మొదలైనట్లే. ఎంచుకోవడానికి నిరాకరించారా, టీ తాగి లేచి రావచ్చు.