ఒక్క కంప్యూటర్‌లో క్లౌడ్ పాఠం

‘‘తెలుగు మీడియంలో ఉంటే మావాడికి కంప్యూటర్ చదువు వస్తుందా సార్?’’ తల్లిదండ్రుల సమావేశంలో ఓ తండ్రి అడిగారు. మాది హోసూరు ప్రాంతం. బెంగళూరు 40 కిలోమీటర్ల దూరం. అక్కడి కంపెనీల ఉద్యోగాలు ఇక్కడి ప్రతి ఇంటికీ ఆశే. అందుకే ఆ ప్రశ్నకు మాటలతో కాకుండా పాఠంతో జవాబు చెప్పాలనుకున్నాం.

క్లౌడ్ అంటే ఎక్కడో పెద్ద భవనాల్లో వరుసగా పెట్టిన వేల కంప్యూటర్లు. పనిని వాటికి పంచుతారు. ఒకటి ఆగినా మరొకటి అందుకుంటుంది. దీన్ని నేర్చుకోవడానికి అన్ని కంప్యూటర్లు అక్కర్లేదు. చిన్న నమూనాను ఒక్కదానిలోనే కట్టుకోవచ్చు.

మేం వాడినవి ఉబుంటు, డాకర్, మినీక్యూబ్. మూడూ ఉచితమే. డాకర్ ఒక ప్రోగ్రామును, దానికి కావలసిన సరంజామాను ఒకే డబ్బాలో సర్దుతుంది. ఆ డబ్బాలను ఏ కంప్యూటర్‌లో ఎన్ని నడపాలో చూసుకునే మేస్త్రి కుబర్నెటీస్. గూగుల్ దీన్ని 2014లో అందరికీ విడుదల చేసింది. ఆ మాటకు గ్రీకులో ఓడ నడిపేవాడని అర్థం. మినీక్యూబ్ ఆ మేస్త్రిని మన కంప్యూటర్‌లోకి తెస్తుంది.

దీనికి కనీసం 2 ప్రాసెసర్ కోర్లు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ ఖాళీ డిస్కు ఉండాలి. మేం మొదట 4 జీబీ కంప్యూటర్‌లో రెండు నోడ్లు పెట్టబోతే అది బిగుసుకుపోయింది. నోడ్ అంటే ఇక్కడ ఒక్కో కంప్యూటర్‌లా పనిచేసే భాగం. 8 జీబీ కంప్యూటర్‌కు మారాక పని సాగింది. మొదటిసారి డౌన్‌లోడ్‌కు నెట్ కావాలి కాబట్టి ఆ పని ముందురోజే ముగించుకోవడం మేలు.

‘నమస్కారం’ అని చూపించే చిన్న పేజీని మూడు ప్రతులుగా నడిపించాం. తొమ్మిదో తరగతి అమ్మాయిని ఒక ప్రతిని తీసేయమన్నాం. తీసేసింది. కొన్ని క్షణాల్లో కొత్త ప్రతి వచ్చి మళ్లీ మూడయ్యాయి. ‘‘ఒకరు మానేస్తే మేస్త్రి ఇంకొకర్ని పిలిచాడు సార్!’’ అందా అమ్మాయి. ఆ పాఠంలో అసలు విషయం అదే. మేం చెప్పకముందే తనే పట్టుకుంది.

ఆదేశాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. మా పాఠానికి అవసరమైనవి పదికి మించలేదు. ఒక్కోదాని పక్కన తెలుగు అర్థం రాసి గోడకు అంటించాం. పిల్లలు ఆదేశాన్ని ఇంగ్లిష్‌లో టైపు చేశారు, ఎందుకో తెలుగులో చెప్పారు.

తర్వాతి సమావేశంలో ఆ తండ్రికి కొడుకే ఇదంతా చేసి చూపించాడు. ఆయన చివరిదాకా నిలబడి చూశారు. ‘‘ఇంగ్లిష్ కూడా గట్టిగా నేర్పండి సార్’’ అన్నారు. న్యాయమైన మాటే. నేర్పుతాం. కానీ బడి మార్చే ముచ్చట ఆ రోజు ఆయన ఎత్తలేదు.