మోకాల్లోతు నీళ్లే కదా! – వేసవి చివర చెరువు గాలం: అపోహలు, వాస్తవాలు

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారనగా నెల్లూరు తీరాన చాలా ఇళ్లలో ఒక ఆలోచన వస్తుంది, పిల్లల్ని ఒక్కసారి చెరువుకు తీసుకెళ్లి గాలం వేయించాలని. మంచి ఆలోచనే. సెల్‌ఫోను పక్కన పెట్టి బెండు మీద చూపు నిలిపిన పిల్లవాడు ఆ గంటలో నేర్చుకునేది తక్కువేమీ కాదు. అయితే పెద్దలు దానికి చెప్పే కారణమే నిలవదు. “ఇప్పుడు నీళ్లు మోకాల్లోతే, చేపలన్నీ ఒక్కచోటే చేరి ఉంటాయి, పిల్లలకు ఇంతకన్నా మంచి అదను ఏముంటుంది?” అంటారు. నీరు తగ్గితే ప్రమాదం తగ్గుతుందన్నది ఇందులో మొదటి అపోహ. నీరు తగ్గితే చేప సులువుగా పడుతుందన్నది రెండోది. ఈ ప్రయాణంలో జరిగే మిగతా పొరపాట్లు చాలావరకు ఈ రెండింటి నుంచే పుడతాయి.

ఈ ప్రాంతానికి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాల వల్లే వస్తుంది. కార్తీకంలో నిండిన చెరువు రోహిణి కార్తె నాటికి మడుగులుగా విడిపోతుంది. ఆ మడుగుల అడుగు చదునుగా ఉండదు. ఇళ్ల ప్లాట్లు మెరక చేయడానికీ, ఇటుక బట్టీలకూ పొక్లెయిన్‌తో మట్టి తవ్విన చోట నిటారు అంచుల గుంతలు మిగిలిపోతాయి. నీరు తగ్గేకొద్దీ చిక్కబడి, గుంత ఎక్కడ మొదలైందో కట్ట మీద నిలబడ్డ పెద్దవాళ్లకు కూడా కనపడదు. మూడున్నర అడుగుల పిల్లవాడు మోకాల్లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో నిలువు లోతుకు జారిపోతాడు. ఒడ్డున ఎండి నెర్రెలు విచ్చినట్టు కనపడే ఒండ్రు కూడా పైపొర వరకే గట్టి, కింద కాలు పట్టేసే బురద. సగటు లోతు మీటరు చుట్టూ ఉండే పులికాట్ సరస్సుకూ ఈ మాట వర్తిస్తుంది. వేసవిలో దాని ఉత్తర భాగం చాలామటుకు ఎండిపోతుంది. అక్కడ భయపడాల్సింది లోతుకు కాదు, అడుగునున్న బురదకు.

“మేమంతా చెరువుల్లో ఈదే పెరిగాం, మాకేమైంది?” అని అడిగేవాళ్లున్నారు. ఆ మాట అనగలిగేది ప్రాణాలతో బయటపడ్డవాళ్లే. అప్పట్లో రోజూ అదే చెరువులో దిగే పిల్లలకు దాని అడుగంతా తెలుసు. బట్టలు ఉతికేవాళ్లు, గొడ్లను కడిగేవాళ్లు చుట్టూ ఉండేవాళ్లు. ఏడాదికోసారి కారు దిగి వచ్చే పిల్లలకు ఆ తెలివిడీ లేదు, ఆ కాపలా లేదు. ప్రమాదం వస్తే కేక వినపడుతుందిలే అనుకోవడం ఇంకా పెద్ద అపోహ. మునిగిపోతున్న పిల్లవాడికి ఊపిరి అందడమే గగనం, ఇక కేక ఎక్కడిది? అరుపు లేకుండా, చేతులు కొట్టుకోకుండా క్షణాల్లో మునిగిపోతారు. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలు. కాబట్టి గాలం వేసే పెద్దమనిషి ఒకరు, చేతిలో గాలమూ ఫోనూ రెండూ లేకుండా పిల్లల్ని చెయ్యి చాస్తే అందేంత దూరంలో కాచుకునే మనిషి ఇంకొకరు ఉండి తీరాలి. ఇద్దరు పెద్దలు కుదరకపోతే గాలం మానుకోవాలి గాని కాపలా కాదు.

ఇక చేపల సంగతి. మడుగులో చేపలు గుమిగూడతాయన్నది నిజమే. వల వేసేవాళ్లకు, చేతులతో పట్టే నేర్పున్న యానాదులకు అది కలిసొచ్చే కాలమే. గాలానికి మాత్రం అంతగా కలిసిరాదు, చేప తనంతట తాను ఎర అందుకోవాలి గనక. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. ఉప్పు పెరిగితే ఇంకా తగ్గుతుంది. ముఖద్వారాలు ఇసుకతో పూడిన వేసవుల్లో పులికాట్ నీరు సముద్రాన్ని మించి ఉప్పగా మారుతుంది. ఊపిరి చాలని చేప మేత మీదికి పోదు. తెల్లవారుజామున బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆకలి మీదున్నాయని సంబరపడి ఎర విసురుతారు. అది ఆకలి కాదు, ఉక్కిరిబిక్కిరి. నీటిలోని నాచు పగలంతా ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తిరిగి వాడుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది. తీరం వెంట రొయ్యల రైతులు రాత్రంతా ఏరేటర్లు తిప్పేది ఇందుకే. కొర్రమీను సంగతి వేరు, అది గాలి పీల్చుకోవడానికి మామూలుగానే పైకి వస్తుంది.

దీన్నిబట్టి వేసవి చివర గాలానికి తెల్లవారుజాము కన్నా సాయంత్రమే మేలు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా, అంతే. చిన్నపిల్లల ఓపిక కూడా అంతకు మించి ఉండదు. సాయంత్రం పిడుగులు పడవా అన్న అభ్యంతరం న్యాయమైనదే, వేసవి గాలివానలు ఎక్కువగా ఆ వేళకే వస్తాయి. ముందుగా పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ చూసుకోవాలి. ఒక్క ఉరుము వినిపించినా గాలాలు చుట్టేసి పక్కా ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి, చెట్టు కిందికి మాత్రం కాదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు.

సముద్రం పక్కన కాబట్టి ఎండ బాధ ఉండదనుకోవడమూ పొరపాటే. మైదానాల్లో 40 డిగ్రీలు చేరితే గాని వడగాలి లెక్కలోకి తీసుకోని వాతావరణ శాఖ, తీరప్రాంతంలో 37 దగ్గరే ఆ లెక్క మొదలుపెడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మృగశిర వచ్చిందంటే చల్లబడినట్టేనన్న మాట నైరుతి వానలు బాగా పడే చోట్లకు సరిపోతుంది గాని నెల్లూరుకు కాదు. జేబులో ఉల్లిపాయ వడదెబ్బను ఆపదు. పిల్లలు దాహమని అడిగేదాకా ఆగకుండా మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో తాగిస్తూ ఉండాలి.

చెరువు ఊరందరిదీ కాబట్టి ఎవరైనా గాలం వేయొచ్చని చాలామంది నమ్మకం. చాలా చెరువుల్లో చేపపిల్లలు వదిలి పెంచేది లీజుకు తీసుకున్న మత్స్యకార సహకార సంఘాలు. ఆ చేప వాళ్ల కూడు. అడిగితే పిల్లల సరదాకు కాదనేవాళ్లు తక్కువ, అడగకపోవడమే తప్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం సముద్రంలో మరపడవలకు, మోటారు పడవలకు సంబంధించింది, చెరువు గట్టున వేసే గాలానికి కాదు. పులికాట్ మాత్రం 1976 నుంచి పక్షుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ సరదా వేట కుదరదు.

జెల్ల చిన్నదే కదా అని పిల్లల చేతికి ఇవ్వకండి. వీపు మీద, రెండు పక్కలా ఉండే ముళ్లలో విషముంటుంది. గుచ్చుకుంటే పసుపు, సున్నం కాదు పెట్టాల్సింది. పెద్దవాళ్లు ముందు తమ చేత్తో చూసుకుని, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఆ భాగాన్ని ఉంచితే ఆ విషం విరిగి నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టరుకు చూపించాలి. నీట మునిగిన పిల్లవాణ్ణి తలకిందులుగా తిప్పి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఊళ్లలో ఇప్పటికీ చూస్తాం. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శ్వాస ఆగితే వెంటనే తల కొద్దిగా వెనక్కి వంచి నోటితో ఊపిరి ఊదాలి, ఆ తర్వాత ఛాతీ నొక్కాలి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. గాలి ఊది నింపే ట్యూబులు ఆటవస్తువులు, రక్షణ కావు. పిల్లవాడి బరువుకు సరిపోయే లైఫ్ జాకెట్ దొరకలేదా, దొరికేదాకా ఆ ప్రయాణం వాయిదా వేసుకోండి.