డిమెన్షియా కేర్ మ్యాపింగ్

జ్ఞాపకశక్తి, ఆలోచన, వివేచన క్రమంగా క్షీణించే డిమెన్షియా ఉన్నవారికి సంరక్షణ గృహాల్లో అందుతున్న సేవను వారి వైపు నుంచి పరిశీలించి, ఆ వివరాల ఆధారంగా సిబ్బంది తమ పనితీరును మెరుగుపరచుకునేందుకు తోడ్పడే పద్ధతి ఇది. దీనిని బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టామ్ కిట్‌వుడ్, క్యాథ్లీన్ బ్రెడిన్ రూపొందించారు. శిక్షణ పొందిన పరిశీలకులు భోజనశాల వంటి ఉమ్మడి స్థలాల్లో గంటల తరబడి కూర్చుని, ప్రతి 5 నిమిషాలకు ఒక్కొక్కరు ఏమి చేస్తున్నారో అక్షర సంకేతంతోను, వారి మనఃస్థితి, పరిసరాలపై ఆసక్తి ఎలా ఉన్నాయో +5 నుంచి -5 వరకు గల అంకెతోను నమోదు చేస్తారు. పడక గదుల్లోకి, స్నానాల గదుల్లోకి మాత్రం వెళ్లరు.

ఎదుట కూర్చున్న మనిషిని లేనట్టే భావించి ఆయన గురించి ఇతరులతో మాట్లాడటం, అన్నం తినేటప్పుడు తొందరపెట్టడం వంటివి వ్యక్తి గౌరవాన్ని తగ్గించే చర్యలుగా నమోదవుతాయి. ఇవి సాధారణంగా దురుద్దేశంతో జరిగేవి కావని 1997లో వెలువడిన గ్రంథంలో కిట్‌వుడ్ వివరించారు. అందువల్ల నమోదైన వివరాలను సిబ్బందితో చర్చించి, ఒక్కొక్కరికీ తగిన ప్రణాళిక సిద్ధం చేయడమే ఇందులో అత్యంత కీలకమైన దశ. ఆ చర్చ తప్పులెన్నే విచారణగా మారితే పద్ధతి ప్రయోజనమే దెబ్బతింటుంది.

ఇంగ్లండ్‌లోని 50 సంరక్షణ గృహాల్లో జరిపి, 2020లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనంలో ఈ పద్ధతి వల్ల నివాసుల ఆందోళన తగ్గినట్లు తేలలేదు. అయితే చాలా గృహాలు దీనిని పదేపదే అమలు చేయలేకపోయాయన్న వాస్తవాన్ని కూడా ఆ ఫలితంతో కలిపి చదవాలి.