అతుక్కుంటేనే ఎదుగుదల!

శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు నుంచి మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదువుతున్నారా? జీనోమ్ వ్యాలీ మీద కన్నేశారా? అయితే ‘టీకా వేస్తే యాంటీబాడీలు తయారవుతాయి’ అన్న ఒక్క ముక్క ఇంటర్వ్యూలో చాలదు. ఎక్కడ, ఎలా అని తర్వాతి ప్రశ్న వస్తుంది.

టీకా వేయించుకున్నాక ఒక్కోసారి చంకలో బిళ్ల కడుతుంది. అది లింఫ్ గ్రంథి. లోపల పని జోరందుకుందన్నమాట.

రక్తంలో కొట్టుకుపోతున్న లింఫోసైట్ అందులోకి ఎలా దిగుతుంది? గ్రంథిలోని ప్రత్యేకమైన సన్నటి సిరల గోడను ముందు ఎల్-సెలెక్టిన్‌తో వదులుగా పట్టుకుని దొర్లుతుంది. కదిలే బస్సు కమ్మీ పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తినట్టు! గోడ మీది సీసీఎల్21 సంకేతాన్ని కణం మీది సీసీఆర్7 అందుకోగానే, ఎల్ఎఫ్ఏ-1 అనే ఇంటెగ్రిన్ ఆకారం మార్చుకుని ఐక్యామ్-1కు గట్టిగా అతుక్కుంటుంది. ఆపై గోడ దాటి లోపలికి. ఈ వరస తడుముకోకుండా చెప్పగలగాలి. పేర్లు బట్టీపడితే మాత్రం రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఈ అతుకు ఎంత ముఖ్యమంటే, ఎల్ఎఫ్ఏ-1లో భాగమైన సీడీ18 పుట్టుకతోనే లోపించిన పిల్లల్లో తెల్లరక్తకణాలు రక్తనాళం దాటలేవు. బొడ్డు ఆలస్యంగా ఊడుతుంది, ఇన్ఫెక్షన్లు వదలవు. ఇలాంటి అతుకును కావాలనే అడ్డుకునే మందులూ ఉన్నాయి. పేగువాపు జబ్బులకు అమెరికాలో 2014లో అనుమతి పొందిన వెడోలిజుమాబ్ అలాంటిదే.

టి కణాలు థైమస్‌లో, బి కణాలు ఎముక మజ్జలో తయారై వస్తాయి. బి కణాలకు అసలు పరీక్ష గ్రంథిలోని జెర్మినల్ సెంటర్‌లో. యాంటీబాడీ జన్యువుల్లో మార్పులు జరుగుతుంటాయి. యాంటిజన్‌ను గట్టిగా పట్టినవాటికే టి కణాల సాయం అందుతుంది. మిగతావాటిలో ఎక్కువ భాగం చనిపోతాయి. గ్రూప్స్ వడపోత నయం!

మన దగ్గరి ఉదాహరణ కొవాగ్జిన్. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి పొందిన ఈ భారత్ బయోటెక్ టీకాలో నిర్వీర్యం చేసిన వైరస్‌తోపాటు ఆల్‌జెల్-ఐఎండీజీ ఉంటుంది. ఐఎండీజీ టీఎల్ఆర్7, 8 గ్రాహకాలను తట్టి లేపుతుంది. అది ఒళ్లంతా పాకకుండా లింఫ్ గ్రంథులకు చేరేలా అల్యూమినియం జెల్‌కు అంటించారు.

పీజీకి సీయూఈటీ-పీజీ, సీపీగెట్, పరిశోధనకు సీఎస్ఐఆర్-నెట్ దారులు. శంకర్‌పల్లిలో రైలెక్కితే లింగంపల్లి, అక్కడికి దగ్గర్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. ప్రాజెక్టు కోసం వెళ్తే సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకండి. ఎలీసా, కణాల పెంపకం, ఫ్లో సైటోమెట్రీలో కనీసం ఒక్కటైనా మీ చేత్తో చేయనివ్వమని అడగండి.