పునాది గొయ్యిలో నీటి లెక్క

బెంగళూరులో అపార్ట్‌మెంటు సెల్లారు కోసం తవ్విన గొయ్యి గోడను శ్రద్ధగా చూస్తే, ఆ నేల ఎన్ని నీళ్లు దాచుకుంటుందో, ఎంత వేగంగా వదులుతుందో చాలావరకు అంచనా కట్టవచ్చు. పైన ఎర్రమట్టి ఉంటుంది. దాని కింద గోటితో గీరితే పిండిలా రాలే తెల్లటి బంకమన్ను పొర ఉంటుంది. ఇది నీటిని బాగానే పీల్చుకుంటుంది గానీ ఓ పట్టాన వదలదు. ఇంకా దిగితే, రాయి గింజలుగా విడిపోయిన గరుసు మొరం. నీరు సులువుగా నడిచేది ఇందులోనే. ఆ కింద పగుళ్ల బండ, చివరికి గట్టి బండ. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం కింద పైకి తేలి కనిపించేది ఈ బండే. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నీస్ శిల. తరతరాలుగా ఇక్కడ బావులు తవ్వుతున్న మన్ను వడ్డర్లకు ఈ వరస కొత్తేమీ కాదు.

ఇసుక గుండా నీరు ఎంత వేగంగా పోతుందో లెక్కగట్టే సూత్రాన్ని ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లోనే ఇచ్చాడు. ఇసుక నేలల్లో గింజ పరిమాణం కొలిస్తే ఆ వేగం సుమారుగా తెలుస్తుంది. బండ సంగతి వేరు. అక్కడ చూడాల్సినవి పగుళ్ల వెడల్పు, వాటి మధ్య దూరం, ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అన్నది. పగులు రెండింతలు వెడల్పయితే అందులో పారే నీరు సుమారు ఎనిమిదింతలవుతుంది. పగులు అంచున తుప్పు రంగు మరక ఉంటే అటుగా నీరు నడిచిందన్నమాట.

పైమట్టి బరువు తీసేశాక, అందులోనూ మందు పెట్టి పేల్చాక, పగుళ్లు విచ్చుకోవా? ఆ కొలతలను ఎలా నమ్మడం? ఈ అభ్యంతరం న్యాయమైనదే. గొయ్యిలో కొలిచిన వెడల్పును వందల అడుగుల లోతుకు యథాతథంగా అన్వయిస్తే తప్పుడు లెక్కే వస్తుంది. అసలు అంకె కోసం బోరులో పంపు పెట్టి తోడి చూడక తప్పదు. కానీ ఆ పరీక్ష అన్ని పొరలనూ కలిపి ఒకే అంకె ఇస్తుంది. ఏ పొర ఇస్తోందో, ఏది ఎండిందో చెప్పదు. తవ్విన లోతు మేరకు అది చెప్పేది గొయ్యి గోడే. 2024 వేసవిలో నగరంలో వేల బోర్లు ఎండిపోయినప్పుడు చాలామంది చేసింది ఏ పొర ఎండిందో చూడకుండానే బోరును ఇంకా లోతుకు దింపడమే.

ఇక్కడ నిర్ణీత విస్తీర్ణం ఉన్న స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకు వాన నీటి సంరక్షణ 2009 నుంచి తప్పనిసరి. అయితే ఆ నీటిని నేలలోకి పంపే ఇంకుడు గుంత బంకమన్నులోనే ఆగిపోతే నీళ్లు నిలుస్తాయి తప్ప కిందికి దిగవు. అందుకే కాంక్రీటు పోసేలోగా గొయ్యి గోడను ఫొటో తీసి, ఏ పొర ఎన్ని అడుగులుందో రాసి ఉంచమని మీ బిల్డరును అడగండి.